పొయ్యి ఎక్కని వేరుశనగకాయలు

ఓర్లీన్ సాచర్ గోనెసంచిలో పైనున్న కాయను ఎప్పుడూ చూడదు. రైతు సంచి దించగానే మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునున్న కాయ ఒకటి బయటికి లాగి, గోటితో చిట్లించి, వాసన చూసి, ఆ తర్వాతే మాట్లాడుతుంది. ఎన్నో ఏళ్ళుగా కాయలు తెచ్చే రైతు దగ్గరైనా అంతే. హార్జెట్ ఊళ్ళో దాన్ని ఎవరూ తప్పుపట్టుకోరు. ఓర్లీన్ అంతేలే అనుకుంటారు. ఆమె పెళ్ళి కూడా అలాగే అడుగు దాకా తడిమి చూసి చేసుకుందని, అందుకే ఆ మొగుడు బతికినన్నాళ్ళూ భయపడుతూ బతికాడని పిన్నమ్మ కూతురు నెట్టీ రూత్ నవ్విస్తుంది.

స్టేడియం ఎదురుగా, మూతపడిన పెట్రోలు బంకు జాగాలో ఆమె కొట్టు. కొట్టంటే ఒక గుడారం, గ్యాస్ పొయ్యి, మనిషి కూర్చోగలిగేంత గుండిగ, ఒక బల్ల. పొద్దున్నే పచ్చి కాయలు ఉప్పునీళ్ళలో పోస్తే మధ్యాహ్నానికి మెత్తబడతాయి. కాగితపు సంచీలో పోసి ఇస్తే ఇంటికి చేరేసరికి సంచీ అడుగు తడిసిపోతుంది. తడవకపోతే అవి ఓర్లీన్ కాయలు కావని ఊళ్ళో లెక్క. హార్జెట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టును నీలి కొంగలంటారు. కొంగల ఆట ఉన్న శనివారం ఆ మూల మీదుగా నడవని మనిషి ఉండడు. ఏడాదంతా ఆమె ఇల్లు గడిచేది ఆ కొద్ది శనివారాల మీదే.

అందుకే క్లేటన్ హజిన్స్ పోయినేడు ఆ జాగా కొన్నాడని తెలిసినప్పటి నుంచీ ఆమెకు స్థిమితం లేదు. హజిన్స్ ట్రాక్టర్లు అమ్ముతాడు, కోళ్ళ షెడ్లున్నాయి. కాలేజీ వ్యాయామశాల గోడ మీద ఆయన పేరు మనిషంత అక్షరాల్లో ఉంటుంది. కొన్నాడు గానీ అద్దె అడగలేదు. ఖాళీ చెయ్యమనీ అనలేదు. అడిగి ఉంటే బేరం ఆడేది. అడగకపోవడమే ఆమెను లోపల్లోపల కొరికేస్తోంది.

సెప్టెంబరులో ఒక గురువారం ఆయన ట్రక్కు దిగి గుడారం కిందికి వచ్చాడు.

"ఒక సంచీ ఇవ్వండి మిస్ ఓర్లీన్. ఊళ్ళో అందరూ చెప్పేదే, ఇలాంటి కాయలు ఇంకెక్కడా దొరకవని."

ఓర్లీన్ గరిటె ముంచింది. ఇన్నేళ్ళలో ఈయన ఇక్కడ ఆగింది లేదు. కాయ నోట్లో పెట్టుకుని ముందు ఉప్పురసం పీల్చడం ఇక్కడి పద్ధతి. ఆయన పీల్చలేదు. తొక్క వలిచి, చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుని, తర్వాత గింజ తిన్నాడు. ఆకలితోనో ఇష్టంతోనో వచ్చినవాడు ఇలా తినడు అనుకుంది.

"మోట్లీని చూశారా మొన్న? ఆ పరుగు!" అన్నాడు హజిన్స్.

ట్రావియస్ మోట్లీ ఎవరో హార్జెట్‌లో చెప్పనవసరం లేదు. బంతి చంకలో ఇరికించుకుని పరిగెత్తితే ఎదురొచ్చినవాళ్ళు గడ్డి మీద దొర్లుతారు. ఎక్కడో ఉత్తరాదిన డిట్రాయిట్ నుంచి వచ్చినవాడు.

"చూశాను."

"చలికాలం వచ్చేసరికి వేరే కాలేజీవాళ్ళు ఎక్కువ డబ్బు చూపించి ఎగరేసుకుపోతారు వాణ్ణి. మన కాలేజీ ఇవ్వగలిగింది ఇస్తోంది. కానీ ఏడాదికి ఇంతకు మించి ఇవ్వకూడదని పైన గీత గీశారు. పోనీ నేనిద్దామా అంటే, ఆటగాడికి ఊరికే డబ్బులివ్వకూడదట. నిజమైన వ్యాపారం ఉండాలి, నిజంగా పని చేయించుకోవాలి, ఆ పనికి తగ్గ డబ్బే ఇవ్వాలి. ఇవన్నీ సరిచూడ్డానికో ఆఫీసు. నా ట్రాక్టర్ల తరఫున ఒప్పందం పంపితే తిప్పి కొట్టారు. కాలేజీకి ఇన్నేళ్ళుగా విరాళాలిస్తున్నవాణ్ణి కదా, నా చేతి నుంచి వచ్చే ప్రతి డాలరూ అనుమానమే వాళ్ళకి."

వాళ్ళకి మాత్రమేనా అనుకుంది ఓర్లీన్. పైకి మాత్రం, "అయితే?" అంది.

"మీ కొట్టు అలా కాదు. నాకూ దానికీ సంబంధం లేదు. కుర్రాడు మీ కాయల తరఫున ప్రకటన బొమ్మలో నిలబడతాడు. మీరు వాడికిస్తారు. నేను మీ దగ్గర నా షాపులన్నిటికీ సీజనంతా కాయలు కొంటాను. కొన్న డబ్బే వాడికి వెళుతుంది. మీ జేబులోంచి సెంటు పోదు."

"అన్ని కాయలు ఉడకబెట్టాలంటే నాకింకో రెండు గుండిగలు కావాలి హజిన్స్ గారూ."

ఆయన నవ్వాడు. "అదంతా తర్వాత చూసుకుందాం." ట్రక్కు ఎక్కబోతూ చుట్టూ చూసి, "ఈ జాగాకి తారు వేయిద్దామని మా వాళ్ళు పోరుతున్నారు. ఇంకా ఏమీ అనుకోలేదులెండి" అన్నాడు.

ట్రక్కు వెళ్ళేదాకా నెట్టీ రూత్ సంచీలు విప్పుతున్నట్టు నటించింది. వెళ్ళగానే, "ఏమే! లాటరీ తగిలితే మొహం అలా పెట్టావేం?" అంది.

"ఆయన రసం పీల్చలేదు."

"పీల్చకపోతే ఏం? డబ్బున్నవాళ్ళు చొక్కాలు పాడుచేసుకోరు. కుర్రాడు ఉంటాడు, నీ మూల నీకుంటుంది. ఇందులో నీకు పోయేదేముంది?"

"అదే తెలియడం లేదు. పోయేది లేదని అంత గట్టిగా ఎందుకు చెప్పినట్టు?"

ఓర్లీన్‌కి ఈ గుణం తండ్రి నుంచి వచ్చింది. ఆయన ఒకప్పుడు ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది గుమ్మం దగ్గర కాపలా ఉండేవాడు. చదువు మానేసిన పిల్ల, తండ్రి పక్కన పెట్టె బోర్లించుకుని కూర్చునేది. ఆట అయ్యాక మంచి కోట్లు వేసుకున్న మనుషులు వచ్చి కుర్రాళ్ళకు చేతులు కలిపేవారు. మడిచిన నోటు ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి వెళ్ళిపోయేది. మొహాల మీద మాత్రం ఆట గురించిన మాటలే. తండ్రి ఆమె చెవిలో, "మొహాలు కాదే, చేతులు చూడు" అనేవాడు. అప్పటి నుంచి ఆటల రోజుల్లో ఓర్లీన్ ఎవరికీ చెయ్యి ఇవ్వదు. కుడిచేతిలో గరిటె పట్టుకుని తల ఆడిస్తుంది.

ఒక్క చోట మాత్రం ఆ పట్టుదల సాగదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర వరస కడతారు. పాస్టరు గారికి, పెద్దలకి, పక్కనున్నవాళ్ళకి చేతులు కలుపుతూ బయటికి రావాలి. చెయ్యి ఇవ్వని మనిషికి లోపల ఏదో పగ ఉందని అర్థం. ఇంకోటి కూడా ఉంది. హార్జెట్‌లో ఆ గుమ్మంలో చెయ్యి కలిపి అన్న మాటకు తిరుగులేదు. అక్కడ పొలాలు అమ్ముకున్నారు, సంబంధాలు ఖాయం చేసుకున్నారు. కాగితం మీద సంతకం పెట్టి తప్పినవాణ్ణి క్షమిస్తారు గానీ గుమ్మంలో మాట తప్పినవాడి దగ్గర కోడిగుడ్డు కూడా కొనరు.

ఆ ఆదివారం హజిన్స్ ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె తమ్ముడి మోకాలు ఎలా ఉందని అడుగుతూ చెయ్యి చాచాడు. ఓర్లీన్ అలవాటుగా తనదీ చాచింది. ఆయన రెండో చెయ్యి కూడా పైన వేసి, వరసంతా వినేలా అన్నాడు:

"అయితే మిస్ ఓర్లీన్, మోట్లీ మీ కొట్టు తరఫున నిలబడతాడు, మీరు వాడి కష్టానికి ఇస్తారు. మాట అయిపోయినట్టే!"

ఎవరో చప్పట్లు కొట్టారు. పాస్టరు గారి భార్య, "దేవుడు మిమ్మల్ని దీవించాలి, కుర్రాణ్ణి ఊళ్ళో నిలబెడుతున్నారు" అంది. ఓర్లీన్ చెయ్యి వెనక్కి లాక్కునేసరికి మాట ఊరంతటిదీ అయిపోయింది.

మెట్లు దిగాక ఆమె అరచెయ్యి తెరిచి చూసుకుంది. ఏమీ లేదు. నోటు ఉండి ఉంటే విసిరికొట్టేది. ఖాళీ చేతిని ఏం చెయ్యాలో తెలియలేదు.

మంగళవారం హజిన్స్ మనిషి ఒకడు పెద్ద బొమ్మ తెచ్చి గుడారానికి కట్టాడు. అందులో ట్రావియస్ తెల్లటి చొక్కాలో నవ్వుతూ, వేయించిన పల్లీలున్న గాజుసీసా పట్టుకున్నాడు.

"ఇవి వేయించినవి" అంది ఓర్లీన్.

"కాయలే కదండీ."

"నావి ఉడకబెట్టినవి. నావి పట్టుకుని ఉంటే ఆ చొక్కా అలా ఉండదు. సరే, మీ షాపులకి ఎప్పటికి కావాలి? రైతులకి చెప్పాలి."

వాడు తాడు బిగిస్తూ, "అబ్బే, మీరు ఉడకబెట్టక్కర్లేదు. కాయలు మాకెందుకు? లెక్కకి ఆర్డరు ఉంటే చాలు" అన్నాడు.

ఓర్లీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి ఎక్కని కాయలు. ఎవరూ తినని కాయలు. వాటికి డబ్బు తన పేరు మీదుగా నడిచి వెళుతుంది. ఆమె తండ్రి కాపలా కాసిన గుమ్మంలో అరచేతులు చేసిన పనే ఇది. ఈసారి ఆ అరచెయ్యి తనది.

మర్నాడు ట్రావియస్ వచ్చాడు. ఫోనులో చిన్న వీడియో తీసి పెట్టాలట. దగ్గర నుంచి చూస్తే బొమ్మలో కంటే వయసులో చిన్నవాడు, అలిసిపోయినవాడు. గుడారంలోకి వంగి వచ్చి, బల్ల వైపు, పొయ్యి వైపు, చివరికి ఓర్లీన్ చేతుల వైపు చూశాడు. ఓర్లీన్ కూడా అతని చేతులే చూస్తోంది.

నెట్టీ రూత్ ఉండబట్టలేక, "ఇద్దరూ అలా చూసుకుంటున్నారేం, కోడిపందెంలోలా? బాబూ, ఒకటి తిను" అంది.

అతను కాయ తొక్కతో సహా నోట్లో వేసుకుని నమిలాడు. మొహం ముడుచుకుపోయింది. నెట్టీ రూత్ కడుపు పట్టుకుని నవ్వింది. ఓర్లీన్ నవ్వలేదు.

"ఎప్పుడూ తినలేదా?"

"లేదమ్మా."

"మరి తింటున్నట్టు ఊరందరికీ చెబుతావా?"

"నిలబడితే చాలన్నారమ్మా హజిన్స్ గారు." నోరు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "ఒకటడుగుతాను, ఏమనుకోకండి. ఇందులో మీకెంత మిగులుతుంది?"

"నాకా?"

"మీరు ఆయన మనిషే కదా. అందరూ నా మంచికే అంటారు. ఒక్కొక్కరూ కొంత ఉంచుకుంటారు. రేపు ఏదైనా తేడా వస్తే ఆట నుంచి తప్పించి కూర్చోబెట్టేది నన్నే. మిమ్మల్నీ కాదు, ఆయన్నీ కాదు."

ఓర్లీన్‌ని అంత వరకూ ఎవరూ అనుమానించలేదు. అనుమానించడం తన పని అనుకునేది. కోపం రావాల్సింది. రాలేదు.

"వెళ్ళి ఆట ఆడుకో. వీడియో ఇప్పుడు వద్దు" అంది.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది. ఎవరో ఆడగొంతు. ఆటగాళ్ళ ఒప్పందాలు పరిశీలించే ఆఫీసు నుంచట. ట్రావియస్ మోట్లీ మీ దగ్గర ఏం పని చేస్తాడు, మీరు ఏం అమ్ముతారు అని మొదలుపెట్టింది.

"నువ్వు ఆ ఆఫీసు మనిషివేనని నాకెలా తెలుస్తుంది? హజిన్స్ గారు నన్ను పరీక్షించడానికి పెట్టి ఉండొచ్చు కదా?"

"మీకెలా నమ్మకం కలుగుతుందో చెప్పండి మరి."

"పెట్టేయ్. నంబరు నేనే వెతికి నేనే చేస్తాను."

నెట్టీ రూత్ ఫోనులో వెతికి నంబరు పట్టింది. ఓర్లీన్ చేసింది. ఇద్దరు ముగ్గురిని దాటాక అదే గొంతు పలికింది. ఓర్లీన్ సగం నమ్మింది.

"మీ కొట్టు పేరున వచ్చిన కాగితం ప్రకారం మీరు ఆ అబ్బాయికి ఇస్తామన్న మొత్తం ఇంత. సరిగ్గా ఉందా అండీ?" అని ఆ గొంతు ఒక అంకె చదివింది.

ఓర్లీన్ పొయ్యి ఆపేసింది. పట్టపగలు ఆ పొయ్యి ఆరిపోవడం నెట్టీ రూత్ ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు అవునంటే చాలు. జాగాకి తారు పడదు. శనివారాలు మిగులుతాయి. కుర్రాడు ఊళ్ళో ఉంటాడు, చర్చిలో అందరూ దీవిస్తారు. అవును అనడానికి ఆమె నోరు తెరిచింది కూడా. కానీ గుడారానికి వేలాడుతున్న బొమ్మలో ఆ తెల్ల చొక్కా కనిపించింది, ఒక్క మరక కూడా లేకుండా. తేడా వస్తే కూర్చోబెట్టేది నన్నే అన్నాడు ఆ చొక్కావాడు.

"అమ్మాయ్, నా కొట్టు జీవితకాలం నడిచినా అంత అమ్ముడుపోదు. నేను ఇవ్వగలిగింది శుక్రవారం ఒక పూట గరిటె తిప్పితే ఆ పూట కూలి. దానికి మించి వచ్చేది నాది కాదు."

"మరి ఎవరిది?"

"నాకు తెలిసింది చెబుతాను. ఒకాయన సీజనంతా కాయలకి ఆర్డరిచ్చాడు. కాయలు మాత్రం వద్దన్నాడు. మిగతాది నువ్వే వెతుక్కో. ఒక్కటి మాత్రం రాసుకో. కుర్రాడికి తెలిసింది నిలబడితే చాలన్నది మాత్రమే. వాణ్ణి ఆట నుంచి తప్పించావంటే ఈ ఫోను నేను చేయనే లేదంటాను."

"ఇంకా మొదలుకాని ఒప్పందం వెనక్కి తీసుకుంటే అతనికేమీ కాదండీ" అంది ఆ గొంతు. ఓర్లీన్ ఆ మాట కూడా రెండుసార్లు చెప్పించుకుని, అయితే వెనక్కి తీసుకున్నట్టే రాసుకోమంది.

ఆ కబురు చేరినట్టుంది, సాయంత్రానికి హజిన్స్ వచ్చాడు. ఈసారి కాయలు అడగలేదు.

"చర్చి గుమ్మంలో చెయ్యి కలిపారు మిస్ ఓర్లీన్."

"కలిపాను. కుర్రాడు నా కొట్టు తరఫున నిలబడతాడన్నారు, వాడి కష్టానికి నేనివ్వాలన్నారు. వస్తే ఇస్తాను. కాయల ఆర్డరు మాట గుమ్మంలో మీరెత్తలేదు. ఎత్తి ఉంటే పాస్టరు గారు కూడా వినేవారు."

ఆయన మొహం మారలేదు. అయినా ఓర్లీన్ ఆయన మొహం చూడలేదు. ఆయన కుడిచెయ్యి మూసుకుని తెరుచుకోవడం చూసింది.

"వాడు వెళ్ళిపోతే ఊరంతా మిమ్మల్నే అంటుంది."

"అంటుంది."

"రేపు తారు పని మొదలుపెడతారు ఇక్కడ."

"పొద్దున దాకా ఆగమనండి. గుండిగ చల్లారాలి."

శుక్రవారానికి కొట్టు వాగు వంతెన అవతల, నెట్టీ రూత్ ఇంటి ముందుకి మారింది. శనివారం ఆట కోసం శుక్రవారమే వచ్చి దిగేవాళ్ళు స్టేడియం వైపు నుంచి వస్తారు. వంతెన దాటి ఇటు రావలసిన అవసరం ఎవరికీ లేదు. గుండిగ నిండా కాయలు ఉడుకుతున్నాయి. కొనేవాళ్ళు లేరు. ట్రక్కులో వెళుతున్న ఒకాయన అద్దం దించి, "మోట్లీ పోతే నీ పుణ్యమే ఓర్లీనూ! ఆ ఉప్పునీళ్ళు నువ్వే తాగు!" అని అరిచి వెళ్ళిపోయాడు. నెట్టీ రూత్ అతని తాత ముత్తాతల దాకా తిట్టింది. ఓర్లీన్ మూత తీసి, కలిపి, మూత పెట్టింది.

"ఆ అవును అనేస్తే నీ మూల పోయేది కాదే" అంది నెట్టీ రూత్ కాసేపయ్యాక, మెల్లగా.

"పోయేది కాదు" అంది ఓర్లీన్.

నాలుగింటికి వంతెన మీద ఒక పొడుగాటి మనిషి నడుచుకుంటూ వచ్చాడు. ఓర్లీన్ అతన్ని చూడ్డం కంటే ముందు అతని వెనక దారి చూసింది. ట్రక్కు లేదు. ఫోను పట్టుకుని వీడియో తీసేవాడూ లేడు.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా."

"అందరూ అలాగే అంటారు."

ట్రావియస్ భుజాలు ఎగరేశాడు. "కూలి ఇస్తానన్నారట కదా. రేపు ఆట, ఈ రోజు సాధన తొందరగా అయిపోయింది. రెండు గంటలు ఖాళీ. ఆఫీసువాళ్ళని అడిగాను, నిజంగా పని చేస్తే ఫరవాలేదన్నారు."

"చలికాలం వస్తే వెళ్ళిపోతావా?"

"ఏమోనమ్మా. తెలియదు."

ఇన్ని రోజుల్లో ఆమెకు ఎవరైనా చెప్పిన జవాబుల్లో తీపి లేనిది ఇదొక్కటే. గరిటె అతని చేతికిచ్చింది.

"అడుగు నుంచి తిప్పాలి. పైపైన కాదు."

తిప్పాడు. మొదటి కుదుపుకే ఉప్పునీళ్ళు ఎగిరి చొక్కా మీద పడ్డాయి. నెట్టీ రూత్ తువ్వాలు అందించబోతే వద్దన్నాడు. వంతెన మీద వెళుతున్న కారు ఒకటి నెమ్మదించింది. ఇంకోటి ఆగింది. ఎవరో, "అదిగోరా మోట్లీ!" అన్నారు. కాసేపట్లో గుడారం ముందు వరస కట్టారు. ఉప్పునీళ్ళు తాగమన్న ఆయన కూడా తిరిగి వచ్చి, తల దించుకుని రెండు సంచీలు కొన్నాడు. నెట్టీ రూత్ అతనికి అడుగు బాగా తడిసిన సంచీలు ఏరి ఇచ్చింది.

వరస సన్నబడ్డాక ఓర్లీన్ డబ్బాలోంచి కూలి తీసింది. చేతికివ్వలేదు. బల్ల మీద అందరికీ కనిపించేలా పరిచి, ఎగిరిపోకుండా పైన ఒక కాయ పెట్టి, వెనక్కి జరిగింది. ట్రావియస్ తన అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఒకసారి ఆమె చేతుల వైపు చూసి, డబ్బు తీసుకున్నాడు. బరువుగా పెట్టిన కాయను నోట్లో పెట్టుకుని, ముందు రసం పీల్చాడు.

"వచ్చే శుక్రవారం రానా అమ్మా?"

"రా. చెప్పి రా."

అతను వంతెన దాటి మలుపు తిరిగేదాకా ఓర్లీన్ చూస్తూనే ఉంది. మలుపు దగ్గర అతని కోసం ట్రక్కేదీ ఆగలేదు. అయినా ఇంకాసేపు చూసింది.